గ్యాస్ గీజర్ మంట – మన ఊపిరి



స్నానానికి వెళ్ళినవారు ఎంతసేపటికీ బయటికి రాకపోతే ఇంట్లోవాళ్ళు తలుపు పగలగొట్టి, స్పృహ లేని మనిషిని ఆసుపత్రికి మోసుకొస్తారు. ఒంటిమీద గాయం ఉండదు. గ్యాస్ వాసన కూడా రాలేదంటారు. గుండెపోటా, ఫిట్సా అని కంగారుపడతారు. అప్పుడు అడగవలసిన ప్రశ్న ఒకటుంది: "బాత్‌రూములో గ్యాస్ గీజర్ ఉందా?"

ముందు గీజర్ ఎలా పనిచేస్తుందో తెలుసుకుందాం. పాత రకం గీజర్లలో బర్నర్ పక్కన ఎప్పుడూ ఒక చిన్న మంట వెలుగుతూ ఉంటుంది. దాన్ని పైలట్ మంట అంటారు. కొళాయి తిప్పగానే పెద్ద బర్నర్ దానితోనే అంటుకుంటుంది. అమెరికా వంటి చలి దేశాలలో ఇల్లు వెచ్చబెట్టే పాత ఫర్నేసులలోనూ ఇదే ఏర్పాటు. ఇప్పుడు మన దగ్గర దొరికే గీజర్లలో ఎక్కువభాగం బ్యాటరీ నిప్పురవ్వతో వెలుగుతాయి. మంట ఆరిపోతే గ్యాస్ దానంతట అదే ఆగిపోయే ఏర్పాటు కూడా వీటిలో ఉంటుంది. పైలట్ మంట ఉన్నవాటిలో ఆ పని చేసేది మంటకు ఆనుకొని ఉండే చిన్న లోహపు కడ్డీ.

ఇది మంచిదే. అయితే ఒక్క మాట గుర్తుంచుకోండి. ఆ ఏర్పాటు కాపలా కాసేది మంటకు, గదిలోని గాలికి కాదు. మంటకూ మనలాగే ప్రాణవాయువు కావాలి. తలుపు, కిటికీ మూసిన చిన్న గదిలో అది చాలదు. అప్పుడు గ్యాస్ సగం కాలి కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు పుడుతుంది.

వంట గ్యాస్ లీకైతే మనకు తెలియాలని కంపెనీవారే అందులో వాసన కలుపుతారు. ఈ విషవాయువుకు రంగు లేదు, వాసన లేదు. ఇది రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ప్రాణవాయువు కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. మనిషి ఊపిరి తీస్తూనే ఉంటాడు, శరీరానికి మాత్రం ప్రాణవాయువు అందదు.

మొదట తలనొప్పి, తల తిరగడం, వికారం, కాళ్ళలో నీరసం వస్తాయి. గడియ తీయాలనుకున్నా చేతకాదు. గర్భిణులకు, కడుపులోని బిడ్డకు, పసిపిల్లలకు, గుండెజబ్బు ఉన్నవారికి ప్రమాదం ఇంకా ఎక్కువ. బాలింత గదిలో తలుపులు మూసి పెట్టే బొగ్గుల కుంపటి నుండి కూడా ఇదే విషవాయువు వస్తుంది. దయచేసి ఆ అలవాటు మానండి.

ఎవరైనా ఇలా పడిపోతే ముందు తలుపులు తెరవండి. మనిషిని ఆరుబయట గాలిలోకి తీసుకురండి. గీజర్ ఆపండి. 108కి ఫోన్ చేయండి. ఊపిరి ఆడకపోతే, చేతనైనవారు గుండెమీద ఒత్తుతూ నోటితో ఊపిరి ఇవ్వాలి. ఆసుపత్రిలో "గ్యాస్ గీజర్ ఉన్న బాత్‌రూములో పడిపోయారు" అని తప్పక చెప్పండి. ఎందుకంటే వేలికి పెట్టే ఆక్సిజన్ మీటరు ఈ విషాన్ని గుర్తించలేదు. లోపల ప్రమాదమున్నా 98, 99 అని చూపవచ్చు. మీరు చెప్పే ఆ ఒక్క మాటతోనే వెంటనే మాస్కుతో పూర్తి ఆక్సిజన్ మొదలుపెట్టగలరు. తెలివి వచ్చింది కదా అని ఇంటికి తీసుకుపోకండి, డాక్టరుగారు చూడాలి.

ఈ ఆపద రాకుండా చేయడం మన చేతిలో ఉంది. గీజర్, గ్యాస్ బండ రెండూ బాత్‌రూము బయట, గాలి ఆడే చోట ఉండాలి. వేడినీళ్ళ గొట్టం ఒక్కటే లోపలికి రావాలి. అలా మార్పించేవరకు తలుపు తీసి ఉంచి బకెట్లు నింపుకోండి. గీజర్ ఆపి, గాలి పోనిచ్చి, ఆ తరువాతే స్నానం చేయండి. మంట నీలంగా కాక పసుపుగా ఉన్నా, మసి పడుతున్నా గీజర్ వాడకం ఆపి మెకానిక్‌కు చూపించండి. మంట నీలంగా ఉంది కదా అని తలుపులు మూసుకోకండి.

అద్దె ఇంట్లో ఉన్నవారు ఈ విషయం ఇంటివారితో మాట్లాడండి. హాస్టలులో ఉన్న మీ పిల్లలకు ఈ రాత్రే ఫోన్ చేసి చెప్పండి.

దేవుడు మిమ్మును, మీ కుటుంబములను కాపాడును గాక.