బరిలో బెదిరిన దూడకు మార్కులు ఎట్లా వేయాలి?

(సంఘం మండల కమిటీల ఉమ్మడి సమావేశంలో చేసిన ప్రసంగం)



మామిడి ధర గురించి మాట్లాడతారనుకుంటే దూడల మాట ఎత్తుకున్నారేమని కొందరికి అనిపించవచ్చు. తోతాపురి ధర గురించి మధ్యాహ్నం మాట్లాడే వాళ్ళున్నారు. మన చిత్తూరు, తిరుపతి పల్లెల్లో వాన ఎగ్గొట్టిన ఏడు ఇల్లు నడిచేది పాలబిల్లు మీదే. ఆ పాలకు మొదలు పెయ్యదూడ. పెయ్యదూడకు నలుగురిలో చెడ్డపేరు వస్తే ఏమవుతుందో మేము కళ్ళారా చూసినాము. అందుకే ఈ మాట.

నిరుడు చలికాలంలో ఒక మండలంలో లేగదూడల ప్రదర్శన పెట్టినారు. సంఘం తరఫున అయిదుగురం పోయినాము. హైస్కూలు మైదానం. షామియానా, మైకు సెట్టు, ఒక పక్క దాణా స్టాళ్ళు, ఇంకో పక్క డప్పులు. ఎనిమిది గంటలకే దూడలను తెచ్చి కట్టేసినారు. పెద్దలు వచ్చేసరికి పదకొండున్నర. అంతసేపూ దూడలకు నీళ్ళు లేవు.

ఒక అక్క పది నెలల హెచ్ఎఫ్ క్రాసు పెయ్యను తెచ్చింది. వెంట్రుక నిగనిగలాడుతూ, కాళ్ళు నిటారుగా, చూడముచ్చటైన దూడ. అది పుట్టినప్పటి నుంచి చూసింది ఆ కొట్టాన్ని, ఆ అక్కను, ఆమె అత్తను. అంతే. సరిగ్గా దాని వంతు వచ్చినప్పుడు మైకు కీచుమని కూసింది. పెయ్య ఎగిరింది. పలుపు చేతికి చుట్టుకుని ఉన్న అక్కను పది అడుగులు ఈడ్చుకుపోయింది. ఆమె మోచెయ్యి చెక్కుకుపోయింది. సాయం చేద్దామనుకున్న కుర్రోడొకడు వెనక నుంచి తోక మెలితిప్పినాడు. దాంతో అది ఇంకా చిందులేసింది. జడ్జి గారు టేపు చుట్టబోయి వదిలేసి, "దీనికి పొగరెక్కువ" అని మైకులోనే అనేసి కాగితం మీద కొట్టేసినారు.

ఆ సాయంత్రమే బేరగాడు ఆమె ఇంటికొచ్చినాడు. వారం ముందు ఇరవై రెండు వేలకు అడిగినవాడే. "మైకులో చెప్పినారు కదమ్మా, తన్నే ఆవును ఎవరు పిండుతారు" అని పదిహేను వేలకు తెగ్గొట్టినాడు. మర్నాడు ఆమెకు గ్రూపు కంతు కట్టాల. ఇచ్చేసింది. ఆ దూడ ఏ సంతకు పోయిందో, ఈనిందో లేదో మాకు తెలియదు.

జడ్జి గారి మీద మాకు కోపం లేదు. అరవై దూడలు, రెండు గంటలు. ఎవరైనా అంతే చేస్తారేమో. కానీ ఆయన చూసింది దూడనా, మైదానాన్నా?

ఆవు కళ్ళు తలకు రెండు పక్కలా ఉంటాయి. దాదాపు చుట్టూతా కనిపిస్తుంది, నేరుగా వెనక మాత్రం కనిపించదు. తోక పట్టుకున్నవాడు దానికి కనబడడు, నొప్పి మాత్రం తెలుస్తుంది. మన చెవికి సెకనుకు 20 వేల కంపనాలు దాటితే వినబడదు. ఆవుకు 35 వేల దాకా వినిపిస్తుంది. మనకే పళ్ళు జివ్వుమనిపించే మైకు కూత దానికి ఎట్లుంటుందో మీరే అనుకోండి. అమెరికాలో కొలరాడో స్టేట్ యూనివర్సిటీలో టెంపుల్ గ్రాండిన్ అనే శాస్త్రవేత్త ఉంది. పశువు దేనికి బెదురుతుందని ఏళ్ళ తరబడి చూసిన మనిషి. వేలాడే గుడ్డ, నేల మీద నీడ, తళుక్కుమనే రేకు, వీటికి ఆగిపోతుందని ఆమె చెప్తుంది. మన షామియానాలో ఈ మూడూ ఉంటాయి.

మన పెద్దలు సుళ్ళు చూసి బేరం చేస్తారు కదా. గ్రాండిన్ వాళ్ళు 1995లో నుదుటి సుడిని చూసినారు. సుడి కళ్ళ కంటే పైన ఉన్న పశువులు బిగించి పట్టినప్పుడు ఎక్కువ అలజడి పడినాయట. సుడి చూసి అదృష్టం చెప్పేవాళ్ళను నమ్మమని కాదు. పిరికితనం కొంత పుట్టుకతో వస్తుందని మాత్రం తెలుస్తోంది.

ఇంకో చిక్కు కొలతది. దూడ బరువును టేపుతోనే కడతారు. ఛాతీ చుట్టుకొలత అంగుళాల్లో తీసుకుని, దాన్ని దానితోనే హెచ్చించి, పొడవుతో హెచ్చించి, 660తో భాగిస్తే కిలోలు. చుట్టుకొలత 40, పొడవు 36 అయితే 87 కిలోలు. బెదిరి ఊపిరి బిగబట్టి, వంగి నిలబడితే టేపు రెండంగుళాలు అటో ఇటో అవుతుంది. 42 అని రాస్తే అదే దూడ 96 కిలోలు. తొమ్మిది కిలోల తేడాలో మొదటి బహుమతి ఉండొచ్చు. ఎగిరే దూడకు టేపు వేసి మార్కులు వేయడమంటే గాలిలో రాసినట్టే.

మా కమిటీలో దీని మీద గట్టిగానే వాదన జరిగింది. "పాలు పిండేది ఆడోళ్ళు. తన్నే ఆవును అంటగడితే పక్కటెముకలు విరిగేది వాళ్ళవే. బెదురుదాన్ని కొట్టేయాల్సిందే" అని ఒక అక్కే అనింది. ఆ మాటలో న్యాయముంది. అందుకే బెదురును, పొగరును వేరుగా చూడాలంటున్నాం. బెదిరిన దూడ పారిపోవడానికి దారి వెతుకుతుంది, కంటి తెల్లగుడ్డు కనబడుతుంది, పలచగా పేడ వేస్తుంది, దారి ఇస్తే దూరం జరుగుతుంది. దారి ఉన్నా తల వంచి మనిషి మీదికే వచ్చేది వేరే రకం. దాన్ని పక్కన పెట్టండి, మేము అడ్డుపడం.

మేము అడిగేది ఇది. దూడ అదుపు తప్పితే ముందు బరి నుంచి బయటికి పంపండి. మనుషులకు దెబ్బ తగలకూడదు, అందులో రెండో మాట లేదు. ఇంగ్లండులో గుర్రపు పిల్లల ప్రదర్శనల్లోనూ జడ్జికి ఆ అధికారం ఉంటుంది. కానీ పంపడం వేరు, కొట్టేయడం వేరు. చెట్టు కింద నీళ్ళు పెట్టి, అరగంట తర్వాత జనం లేని చోట ఇంకోసారి చూడండి. ఒళ్ళు, కాళ్ళు, చన్నులు, వయసుకు తగ్గ బరువు, వీటి మార్కులు వీటికే. నడకకు, అలవాటుకు వేరేగా కొద్ది మార్కులు పెట్టి అక్కడ తగ్గించండి. మైకులో మాత్రం దూడ గుణం గురించి ఒక్క ముక్క అనొద్దు. ఆ ముక్క ఖరీదు ఏడు వేలు.

ఇప్పుడు మన తప్పులు. కనుమ నాడు రంగంపేటలో పసులను అదిలించి, కొమ్ములకు కట్టిన పలకల కోసం ఎగబడతాం. అక్కడ ఎంత బెదిరి ఉరికితే అంత పేరు. అది చూసి మన పిల్లోళ్ళు ఇంటి దగ్గర లేగలను కూడా డబ్బాలు కొట్టి ఉరికిస్తారు. వారం తిరక్కుండా అదే లేగను ప్రదర్శనకు తోలుకొచ్చి నిలబడమంటే ఎట్లా నిలబడుతుంది? పండుగ ఉండాలా వద్దా అన్నది వేరే సభ. లేగలను మాత్రం వదిలేయండి.

పుంగనూరు దూడలది ఇంకో బాధ. 2024 సంక్రాంతికి ప్రధాని ఇంట్లో పుంగనూరు ఆవులు టీవీలో కనబడినప్పటి నుంచి, అది ఎక్కడుంటే అక్కడ ఫోన్ల గుంపే. పొట్టిది కదా అని పిల్లలను పైన కూర్చోబెట్టి ఫోటో తీసేవాళ్ళూ ఉన్నారు. అది తల విదిలిస్తే దాని తప్పా?

ప్రదర్శనకు నెల ముందు నుంచే పని మొదలుపెట్టాల. మెడ బిగిసే పలుపు కాదు, మూతి చుట్టూ తిప్పి తలకు కట్టే తాడు వాడండి. రోజూ పావుగంట వీధిలో నడిపించండి. పాల సొసైటీ దగ్గర మనుషుల మధ్య కాసేపు నిలబెట్టండి. కడుపు, చన్నులు, కాళ్ళు తడమండి. తాడును చేతికి ఎప్పుడూ చుట్టుకోవద్దు, మడతపెట్టి పట్టుకోండి. గాలికుంటు టీకా పడని దూడను గుంపులోకి తేవద్దు. తోక మెలితిప్పేవాడిని మనమే ఆపాల. 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ఉందని కూడా వాడికి చెప్పండి.

పశుసంవర్ధక శాఖకు ఇచ్చే అర్జీ రాసి తెచ్చినాము. రెండో చూపు, మైకు పెట్టెలు దూరంగా పెట్టడం, ఉదయం తొమ్మిదికే మొదలుపెట్టడం, పెద్దలు వచ్చినా రాకపోయినా. సంతకాల కాగితం వెనక బల్ల మీద ఉంది. బరి దగ్గర నిలబడి జనాన్ని ఆపడానికి మండలానికి నలుగురు కావాల, అందులో ఇద్దరు అక్కలు ఉంటే మంచిది. నీళ్ళ తొట్లకు పాత డ్రమ్ములు ఉన్నవాళ్ళు భోజనాల లోపల పేరు రాయించండి.