యంత్రము పలికించు కంఠము

రేడియో ముందు కూర్చుండిన మనకు మాటాడువారి ముఖము కనబడదు. కంఠమును బట్టియే వారు ఫలానా యని గుర్తింతుము. ఆ గుర్తింపు మీదనే మన నమ్మకము నిలిచియున్నది. నేడు ఆ కంఠమునే యంత్రము తయారు చేయుచున్నది. ఒకరి గొంతు కొన్ని నిమిషములు వినిపించిన చాలును; వారెన్నడును పలుకని మాటలను వారి గొంతుతోనే కృత్రిమ మేధ పలికింపగలదు. ఇందలి మేలెంత, కీడెంత, కాపుదల యేది అని కొంత విచారింతము.

ఈ విచారణకు జూబ్లీ హిల్స్ తగిన చోటు. ఆ ప్రాంతమున అక్కినేని నాగేశ్వరరావు 1976లో అన్నపూర్ణ స్టూడియోను నెలకొల్పిరి. మద్రాసునుండి తరలివచ్చిన తెలుగు చిత్రపరిశ్రమకు ఫిలింనగర్ స్థిరనివాసమైనది. ఒకరి రూపమునకు వేరొకరి కంఠమును జోడించుట ఆ పరిశ్రమకు నిత్యకృత్యము. ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యము కమల్‌హాసన్‌కు తెలుగున గొంతు నిచ్చిరి. ‘గాంధి’ చిత్రపు తెలుగు అనువాదమున బెన్ కింగ్‌స్లీకిని ఆయన కంఠమే. దానిని మనమెవ్వరమును మోసమనలేదు. ఏలన, గొంతు నిచ్చినవారు తెలిసి ఇచ్చిరి, ప్రతిఫలము పుచ్చుకొనిరి, ఇష్టము లేనిచో కాదనుటకు వారికి వీలుండెను.

ఆ మహాగాయకుడు 2020 సెప్టెంబరు 25న కన్నుమూసిరి. 2023లో విడుదలైన ‘కీడా కోలా’ చిత్రమున ఆయన కంఠమును తమ అనుమతి లేకుండ కృత్రిమ మేధతో కల్పించిరని కుటుంబమువారు ఆరోపించి నోటీసు పంపిరి. 2024లో ‘లాల్ సలాం’ అను తమిళ చిత్రమునకై ఎ.ఆర్. రహమాన్ దివంగతులైన ఇరువురు గాయకుల కంఠములను యంత్రముతో పలికించిరి. కాని కుటుంబముల అనుమతి పొంది, పారితోషికము చెల్లించితిమని ప్రకటించిరి. యంత్రమొక్కటే, నడత వేరు. అయినను ఒక సందేహము మిగులును. కుటుంబము సమ్మతించినను, ఆ పాట తాను పాడదగినదా యని చెప్పుటకు గాయకుడు లేడు గదా!

రూపమునకును ఈ బాధ తప్పలేదు. 2023 నవంబరులో రశ్మిక మందన్న ముఖమును వేరొక స్త్రీ దేహమునకు అతికిన దృశ్యము దేశమంతట వ్యాపించెను. 2025 సెప్టెంబరులో చిరంజీవి హైదరాబాదు సిటీ సివిల్ కోర్టును, నాగార్జున ఢిల్లీ హైకోర్టును ఆశ్రయించి, తమ పేరును రూపమును అనుమతి లేనిదే వాడుకొనరాదని ఉత్తర్వులు పొందిరి.

తారలకు న్యాయవాదులు కలరు. డబ్బింగు చెప్పి ఇల్లు గడుపుకొను కళాకారిణికి ఎవరు కలరు? ఆమె పేరు మనకు తెలియదు. గొంతు మాత్రము ఇంటింటికిని తెలియును. ఒకనాటి కూలికి ఆమె చదివిన పలుకులే యంత్రమునకు పాఠమైనచో, రేపు ఆమె కంఠమే ఆమెకు పోటీగా నిలుచును. అసలు ప్రమాదము ఇచ్చటనే యున్నదని మా అభిప్రాయము.

యంత్రమును నిషేధింపుమని మేము చెప్పము. చెడిపోయిన పాత చిత్రముల ధ్వనిని అది బాగుచేయగలదు. వ్యాధివలన గొంతు పోయినవారికి గొంతు నీయగలదు. కృత్రిమముగా కల్పించిన దృశ్యములకు, ధ్వనులకు గుర్తు వేయవలెనని కేంద్ర ప్రభుత్వము 2026 ఫిబ్రవరిలో నిబంధన గావించినది. అది వినువారికి రక్షణ. పలుకువారికి అది చాలదు. 2023లో హాలీవుడ్ నటులు 118 దినములు సమ్మె చేసి, తమ యంత్రప్రతిరూపమును వాడుటకు సమ్మతియు ప్రతిఫలమును ఉండవలెనని ఒప్పందము సాధించిరి. మన డబ్బింగు కళాకారుల ఒప్పందపత్రములలోను ఆ వాక్యము చేరవలెను: నేటి కూలి నేటి పలుకునకే, యంత్రమునకు నేర్పుటకు వేరు అనుమతి, వేరు ప్రతిఫలము.

ఇక మన యిండ్ల సంగతి. ఆపదలో నున్నాను, వెంటనే డబ్బు పంపుమని కొడుకు గొంతుతో టెలిఫోను వచ్చినచో తొందరపడకుడు. ఫోను పెట్టివేసి, మీకు తెలిసిన నంబరునకు మీరే తిరిగి ఫోను చేయుడు. గొంతు విని నమ్మిన కాలము గడచినది. అడిగి తెలిసికొని నమ్మవలసిన కాలము వచ్చినది.