దండన యేమి నేర్పినది?
(ఒక పఠనమందిరమున చేసిన యుపన్యాసము)



దెబ్బకు దయ్యమైనను దిగునని మనవారి సామెత. బడిలోని బెత్తము, పొలములోని ములుకోల, పట్టణములోని పోలీసు ఠాణా, వీని యన్నిటి వెనుకను ఈ నమ్మకమే నిలిచియున్నది. ఇది యెంతవరకు నిజమో విచారించుటకు మనము దూరదేశములకు పోనక్కరలేదు. బాపట్లకును చీరాలకును నడుమ, మదరాసు పోవు రైలుమార్గముపై, స్టూవర్టుపురమను గ్రామ మొకటి కలదు. అచ్చట తెల్లదొరతనమువారు ఈ సామెతను ఒక జాతి మొత్తముపై ముప్పదియేండ్లకు మించి ప్రయోగించి చూచిరి. ఆ ప్రయోగ మేమి నేర్పినదో నేడు మీకు మనవి చేయదలచితిని.

ముందుగా, జీవులు నడవడి నెట్లు నేర్చుకొనునో యొక మాట. మన రైతు కోడెను కాడి మరపునప్పుడు చూడుడు. చాలు తప్పిన క్షణముననే ములుకోల తగులును. చాలులో నడచినంతసేపు చేయి దిగియే యుండును. సాయంకాలము విప్పిన పిదప మేత దొరకును. కోడెకు భాష రాదు. అయినను ఏ నడకకు ఏది వచ్చునో దానికి తెలిసిపోవును. చాలులో నడచినను పొడిచి, చాలు తప్పినను పొడిచి, ఊరక నిలిచినను పొడిచినచో ఆ కోడె యేమి నేర్చును? బెదరుట నేర్చును, లేదా కాడిక్రింద చతికిలబడుట నేర్చును. ఈ సంగతి ప్రతి సేద్యగానికిని తెలిసినదే.

ఇక చూచి నేర్చుకొనుట. పత్తిచేలో తల్లి వెంట నడచు బాలికకు పాఠము చెప్పువారు లేరు. ఎండుటాకు అంటకుండ కాయనుండి పత్తి నెట్లు తీయవలెనో తల్లి వ్రేళ్లను చూచియే గ్రహించును. మిరప కల్లములో తాలుకాయ లేరుటయు నంతే. పిల్లలు మన మాటలు వినుటకంటె మన చేతులను చూచుట యెక్కువ. ఆ చేతులకు సాయంకాలము ఏమి దక్కినదో చూచుట మరింత యెక్కువ.

పండితులు దీనినే శాస్త్రముగా పరీక్షించిరి. అమెరికాలో ఎడ్వర్డ్ థార్న్‌డైక్ అను నాతడు 1898లో పిల్లులను పెట్టెలలో మూసి, అవి గడియ తీసికొని బయటపడుట నెట్లు నేర్చునో చూచి, సుఖమిచ్చిన చేష్ట బలపడుననియు, కష్టము తెచ్చిన చేష్ట సడలుననియు సిద్ధాంతీకరించెను. ఇందు రెండవ సగమును గూర్చి యాతడే తరువాత సందేహపడి, 1932 నాటికి, బహుమానము నేర్పినంతగా దండన నేర్పదని తన మాటను తానే సవరించుకొనెను. సిద్ధాంతము చేసినవారు దానిని తామే సవరించుట యరుదు. సర్కారులలో మరింత యరుదు.

ఆ సర్కారు చేసిన పని వినుడు. 1871లో ఉత్తర హిందూస్థానమునకై పుట్టిన నేరజాతుల చట్టము 1911లో క్రొత్తరూపు దాల్చి మదరాసు రాజధానికిని వచ్చినది. ఒక జాతిని నేరజాతి యని గెజెట్టులో ప్రకటించుటయే తడవు. ఆ ప్రకటన తప్పని న్యాయస్థానమున వాదించుట కవకాశము లేదు. పేరు నమోదు, వ్రేలిముద్రలు, నియమిత వేళలకు హాజరు, ఊరు విడుచుటకు చీటి. ఆరేండ్లు దాటి పదునెనిమిదేండ్లు నిండని పిల్లలను తల్లిదండ్రులనుండి వేరుచేసి సంస్కరణపాఠశాలలలో నుంచు నధికారమును ఆ చట్టమే ప్రభుత్వమున కిచ్చినది. నమోదైనవానికి కొన్ని నేరములలో రెండవమారు శిక్షపడినచో సామాన్యముగా ఏడేండ్లకు తక్కువ కాని చెర. మూడవమారు యావజ్జీవ ద్వీపాంతరవాసము.

మన సీమలో ఈ చట్టము యెరుకలవారిపై విరుచుకొని పడినది. వారు అంతకుముందు ఎవ్వరు? ఎద్దులపైనను గాడిదలపైనను తీరపు ఉప్పును లోపలి సీమలకు మోసి, ధాన్యమునకు మార్చి బ్రతికిన వర్తకులు వారిలో ననేకులు. బుట్టలల్లువారు, సోది చెప్పువారు మరికొందరు. ఉప్పుపై సర్కారు గుత్తాధికారము వచ్చినది, రైలు వచ్చినది, పెరికెద్దుల బాట మూతపడినది. బ్రతుకుదారి మూసినవారే, దారి లేక తిరుగుట నేరమనిరి. వారిలో దొంగలు లేరని నేననను. ఏ జాతిలో లేరు? కాని ఒకడు దొంగిలించినందుకు వేయిమందిని హాజరు పిలుచుట యే ధర్మశాస్త్రమున నున్నది?

1913-14 ప్రాంతమున, మదరాసు గవర్నరు సభలో సభ్యుడైన సర్ హెరాల్డ్ స్టూవర్టు పేరిట ఈ నివాసము వెలసినది. నడుపు భారము సాల్వేషన్ ఆర్మీకి, అనగా రక్షణసైన్యమునకు, అప్పగింపబడినది. ఐ.సి.యస్. ఉద్యోగమును విడిచి మతసేవలో జేరిన ఫ్రెడరిక్ బూత్-టక్కరు ఆ సంస్థకు అప్పుడు ఈ దేశమున నాయకుడు. వారు బడి పెట్టిరి, భూమి చూపిరి, పని చూపిరి, కాదనరాదు. అయితే ఆ నేల యెట్టిది, ఆ పని యెవరికి లాభము? చీరాలలో ఐ.ఎల్.టి.డి. వారి పొగాకు కర్మాగారమునకు స్టూవర్టుపురపు కూలీలు పోయిరి. నివాసములు సంస్కారమునకే కాక చవుకయైన, కదలలేని కూలి కొరకును పనికివచ్చినవని చరిత్రకారిణి మీనా రాధాకృష్ణగారు 2001లో ప్రకటించిన గ్రంథమున విశదపరచిరి. చీటి లేక ఊరు దాటరాని కూలివాడు కూలిరేటును గూర్చి బేరమాడగలడా?

ఇప్పుడు కోడెమాట జ్ఞప్తికి దెచ్చుకొనుడు. స్టూవర్టుపురమున దినమెల్ల ఒళ్లు వంచి పనిచేసినవాడును హాజరు పలుకవలెను. రాత్రి కన్నము వేసినవాడును హాజరు పలుకవలెను. ఇద్దరికిని అదే చీటి, అదే వ్రేలిముద్ర, అదే పేరు. ములుకోల నడకనుబట్టి కాక పుట్టుకనుబట్టి తగిలినది.

1967లో అమెరికా పండితులు సెలిగ్‌మన్, మేయరు అనువారు కుక్కలతో నొక పరీక్ష చేసిరి. ఆ పరీక్షయందలి క్రౌర్యమును నేను మెచ్చను; ఫలితమును మాత్రము మరువరాదు. రెండు కుక్కలకు విద్యుత్తు తాకిడి సమానముగ నిచ్చిరి. ఒకదాని తలప్రక్క నున్న పలకను నొక్కినచో తాకిడి ఆగును. రెండవది యేమి చేసినను ఆగదు, మొదటిదానికి ఆగినప్పుడే దీనికిని ఆగును. నొప్పి రెండింటికి నొక్కటే. తరువాత రెంటిని, చిన్న గోడ దూకినచో తప్పించుకొన వీలైన పెట్టెలో విడిచిరి. మొదటి తరగతి కుక్కలు దూకినవి. రెండవ తరగతిలో ననేకములు, దూకుటకు వీలున్నను, దూకక పడియుండి మూల్గినవి. తమ చేష్టతో నిమిత్తము లేని దండన వానికి నేర్పిన పాఠ మది: ఏమి చేసినను ఒక్కటే.

చెప్పినట్లు నడచినను నమ్మకము దొరకని మనుష్యునకు ఆ చట్టము నేర్పినదియు నిదియే. పైగా మనుష్యుడు కుక్క కాడు, పిల్లలను గన్నవాడు. ఆ పిల్లలు చూచుచుండిరి. కూలికి పోయిన తండ్రియు, దొంగతనమునకు పోయిన పినతండ్రియు ఒకే వరుసలో నిలుచుటను చూచిరి. ఊరిలో చోరీ జరిగినప్పుడు ఠాణావారు మొదట తమ వాడకే వచ్చుటను చూచిరి. వరుసలో ఇద్దరును సమానులే. అయితే ఒకని చేతిలో డబ్బున్నది, రెండవవాని చేతిలో లేదు. ఆ బాలు డేమి నేర్చుకొనవలెనని మీరు కోరెదరు?

ఆల్బర్ట్ బండూరా యనునాతడు 1965లో చేసిన పరీక్ష దీనికి తోడు నిలుచును. పెద్దవాడొకడు బొమ్మను కొట్టుచుండగా తీసిన చిత్రమును పసిపిల్లలకు చూపిరి. వానికి బహుమానము దొరకుట కొందరు చూచిరి, చీవాట్లు పడుట కొందరు చూచిరి, ఏమియు జరుగకుండుట మరికొందరు చూచిరి. చీవాట్లు చూచిన పిల్లలు తక్కువగా ననుకరించిరి. దండనకు జయమని తోచును గదా! పిదప, చూచినది చేసి చూపినచో బహుమానము లిత్తుమనగా, మూడు తరగతులవారును సమానముగ చేసి చూపిరి. అనగా దండన చేతిని పట్టి యాపినదే కాని, మనసులో పడినదానిని చెరుపలేదు.

ఇంకొక మాట. అదే గుంటూరుసీమలో, అదే కాలమున, అదే దొరతనము విధించిన దండన వేరొకచోట పూర్తిగా తలక్రిందులైనది. స్టూవర్టుపురమునకు కొలది మైళ్లలోనున్న చీరాల-పేరాలలో 1921లో ప్రజలు పురపాలక పన్నును నిరాకరించి, ఆంధ్రరత్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి నాయకత్వమున ఇండ్లు విడిచి, రామనగరమను పాకల పట్టణమున నెలల తరబడి కాపురముండిరి. గోపాలకృష్ణయ్యగారికి చెర పడినది. ఆ చెర యెవరిని బెదరించినది? చూచువారు తలలెత్తుకొనిరి, చెరనుండి వచ్చినవానికి పూలదండ వేసిరి. యెరుకలవాడు చెరనుండి వచ్చిన నాడు మాత్రము మరల వ్రేలిముద్ర వేయించిరి, మనము తలుపులు బిగించుకొంటిమి. చెర యొక్కటే, గోడ లొక్కటే. దానికి అర్థము నిచ్చినవారు బయట నిలిచి చూచిన మనమే. ఈ భాగము దొరతనముమీదికి నెట్టరానిది.

స్వాతంత్ర్యోద్యమమువా రందరును దీనిని గమనింపకపోలేదు. నెల్లూరిసీమలో వెన్నెలకంటి రాఘవయ్యగారు యానాదుల పక్షమున జీవితకాలము పాటుపడిరి. 1936లో నెల్లూరికి వచ్చిన జవహర్లాలు నెహ్రూగారు ఈ చట్టమును తీవ్రముగ ఖండించిరి. 1947లో మదరాసు రాజధానియందును, 1952 ఆగస్టు 31 నాడు దేశమంతటను చట్టము రద్దయినది. కాని నివాసపు చీటి పోయినంత త్వరగా పేరు పోలేదు. అలవాటు నేరస్థుల చట్టమను మరియొక తొడుగులో హాజరుపట్టీ కొంతకాలము బ్రతికినది.

మార్పు నిజముగ నెట్లు వచ్చినది? 1970 దశకమధ్యమున విజయవాడ నాస్తికకేంద్రమునుండి గోరాగారి కుమారుడు లవణంగారును, మహాకవి జాషువాగారి కుమార్తె హేమలతా లవణంగారును ఆ యూరికి పోయిరి. ఠాణావారు పోవు దారినే పోయి, ఠాణావారు చేయని పని చేసిరి. ఇండ్లలో కూర్చుండిరి, మాటలాడిరి, నేరము మానివేసెదనన్నవానిని నమ్మిరి, వారికి భూమియు జీవనోపాధియు చూపవలసినదని ప్రభుత్వమును వెంటాడిరి. శాస్త్రపు మాటలో చెప్పవలెనన్న, మంచినడకకు ఫలము, ఆ నడక వెంటనే, కన్నులయెదుట కలుగునట్లు చేయ యత్నించిరి. హేమలతగారి వంటి స్త్రీ తమ గుమ్మములో కూర్చుండి మంచినీళ్లు త్రాగుటను ఆ వాడ పిల్లలు చూచుట యెట్టి పాఠమో, అంటరానితనమును ప్రతి పద్యమున నెదిరించిన జాషువాగారి యూరివారు, వినుకొండవారు, గ్రహింపగలరు.

అట్లయిన తప్పు చేసినవానిని శిక్షింపవలదా యని యొక మిత్రు డడుగవచ్చును. శిక్షింపవలసినదే. చేసినవానిని, చేసినదానికి, చేసినంతకు, వెంటనే. తీరినపిదప వానిని విడువవలెను. చాలులోనికి వచ్చిన కోడెను పొడుచుట మానుటయే దండనలో నేర్పు భాగము. ఆ రెండవ సగము లేని శిక్ష కోపము మాత్రమే.

2024 అక్టోబరు 3 నాడు సుప్రీముకోర్టు, కారాగార నిబంధనలలో కులమునుబట్టి పని పంచుటను, ఒకప్పటి నేరజాతులవారిని పుట్టుకచేతనే అలవాటు నేరస్థులుగ నెంచుటను రాజ్యాంగవిరుద్ధములని కొట్టివేసినది. చట్టము రద్దయి డెబ్బదిరెండేండ్లకు! కోర్టు నిబంధనను కొట్టగలదు గాని, చలనచిత్రములలో ఆ యూరి పేరు వినబడగానే ప్రేక్షకుడు దొంగకథ కెదురుచూచుటను కొట్టివేయజాలదు. ఉద్యోగార్థి దరఖాస్తులో స్టూవర్టుపురమని వ్రాయగానే గుమాస్తా కన్నెత్తి చూచుటను కొట్టివేయజాలదు.

ఈ సభలో పత్తి మిల్లులవారున్నారు, మిరప వర్తకులున్నారు, శీతలగిడ్డంగుల యజమానులున్నారు. మీ గిడ్డంగిలో బస్తాలు మోయుటకు ఏ యూరివాడైనను మీకు సమ్మతమే యని యెరుగుదును. కాటా యొద్దను, పద్దుపుస్తకము నొద్దను, తాళపుచెవుల గుత్తి యొద్దను ఆ యూరి పిల్లవా డొకడైనను కూర్చుండియున్నాడా? అతని తమ్ముడు సాయంకాలము అన్నము తెచ్చి, గుమ్మము నొద్ద నిలిచి చూచుచుండును.