టిక్కెట్టు అమ్మని శాఖకు నిధులు ఎక్కడివి?



రైల్వే, తపాలా ఉద్యోగుల సభలో వాతావరణ శాఖ ప్రస్తావన ఎందుకని కొందరు అడుగవచ్చును. 1964 డిసెంబరులో ధనుష్కోటి వద్ద ఉప్పెన ఒక పాసింజరు రైలును నూరుమందికి పైగా ప్రయాణికులతో, సిబ్బందితో సహా ముంచివేసినది. తుపాను హెచ్చరిక మన డ్యూటీకి సంబంధించిన విషయమే. దశాబ్దాల తరబడి పరిశీలనా కేంద్రముల అంకెలను ముఖ్య కార్యాలయములకు చేర్చినదియు మన తంతి ఉద్యోగులే.

1864లో కలకత్తాను తాకిన తుపాను, 1866లోను 1871లోను వచ్చిన వర్షాభావము చూచిన పిదప 1875లో ఈ శాఖ ఏర్పడినది. మన శాఖలకు కౌంటరున్నది. టిక్కెట్టో, స్టాంపో అమ్ముదుము. ఈ శాఖకు అట్టి కౌంటరు లేదు. విమాన సంస్థల నుండి కొంత ఖర్చు రాబట్టుకొనుటకు అంతర్జాతీయ నియమములు అంగీకరించుచున్నవి. కాని దివిసీమ మత్స్యకారునికి బిల్లు ఎవరు పంపుదురు? అందుచేతనే పార్లమెంటు ఏటేటా మంజూరు చేయు సొమ్ముపై ఈ శాఖ ప్రధానముగా ఆధారపడియున్నది. 2006 నుండి ఆ సొమ్ము భూవిజ్ఞాన మంత్రిత్వ శాఖ ద్వారా వచ్చుచున్నది.

1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెనలో పదివేలమందికి పైగా మరణించిరి. 2013లో ఫైలిన్ తుపానుకు ముందు సుమారు పది లక్షలమందిని ఒడిశా, ఆంధ్ర తీరముల నుండి తరలించిరి. మృతుల సంఖ్య పదులలోనే నిలిచినది. ఆ ఘనత అంతయు వాతావరణ శాఖదేనని మేము అనము. రెవెన్యూ సిబ్బంది, తుపాను షెల్టర్లు కూడ అందుకు కారణములే. అయినను ఈ తేడా ఏ శాఖ లాభనష్టముల ఖాతాలోను కనబడదు.

సేవకు ధర కట్టవలెననువారు న్యూజిలాండును చూడవలెను. 1992లో అక్కడ వాతావరణ సూచనలను ప్రభుత్వ వాణిజ్య సంస్థకును, వాతావరణ పరిశోధనను వేరొక సంస్థకును పంచిరి. రెండును ప్రజల ఆస్తియే, రెండును ఒకే ఆకాశమును కొలిచినవి. తుదకు 2024లో మరల కలుపుటకు నిర్ణయించిరి.

మన దేశములో జరిగినది ఇంకను బాధాకరము. 2018 నుండి కృషి విజ్ఞాన కేంద్రములలో 199 జిల్లా వ్యవసాయ వాతావరణ విభాగములు వెలసినవి. కాంట్రాక్టు నిపుణులు రైతులకు స్థానిక భాషలో సలహాలు వ్రాసి పంపుచుండిరి. 2024 మార్చితో వానిని మూసివేసిరి. అదే సంవత్సరము సెప్టెంబరులో రెండేండ్లకుగాను 2,000 కోట్ల రూపాయలతో మిషన్ మౌసమ్‌ను కేంద్ర మంత్రివర్గము ఆమోదించినది. రాడార్లు, సూపర్ కంప్యూటర్లు వలదని ఎవరనగలరు? కాని పథకపు సొమ్ము యంత్రమును కొనిపెట్టును, గడువు తీరగానే ఆగును. రాత్రి డ్యూటీలో ఆ యంత్రము ముందు కూర్చుండు మనిషి జీతమునకు గడువుండరాదు. ఈ సంగతి మన గ్యాంగుమన్లకు, గ్రామీణ డాక్ సేవకులకు వేరుగా చెప్పవలసిన పని లేదు.

పరిశీలకుల, సాంకేతిక సిబ్బంది పోస్టులను సాధారణ బడ్జెట్టులోనే ఉంచవలెననియు, మూసిన విభాగములను స్థిర సిబ్బందితో తెరవవలెననియు, హెచ్చరికలు ఎన్నడును ఉచితముగానే అందవలెననియు తీర్మానపు ముసాయిదా సిద్ధమైనది. బ్రాంచి కార్యదర్శులు గత రెండేండ్లలో తమ స్టేషన్లకు, పోస్టాఫీసులకు తుపాను, భారీవర్ష హెచ్చరికలు ఏ వేళకు చేరినవో తేదీలతో వ్రాసి కేంద్ర కార్యాలయమునకు పంపవలెను. ఆ వివరములు చేరిన పిదపనే మంత్రిత్వ శాఖకు మహజరు సమర్పించెదము.