విసరిన రాయి దారి

మంచెపై నిలిచి వడిసెల త్రిప్పు కాపును మీలో ననేకులు చూచియుందురు. జొన్నచేనిపై పిట్టలు వ్రాలగనే అతడు వడిసెలను రెండుమూడు మారులు త్రిప్పి ఒక కొసను వదలును. రాయి చేని మీదుగా పోయి అతడు తలచిన చోటనే పడును. అతడు కోణములు కొలువలేదు, సూత్రములు చదువలేదు. అయినను ఏ దూరమునకు ఎంత ఎత్తుగా విసరవలయునో అతని చేతికి తెలియును. కాని ఆ రాయి నడచిన దారి యెట్టిది, ఆ దారినే యేల నడచినది అని అడిగినచో చేయి సమాధానము చెప్పజాలదు. చేతికి తెలిసిన యీ సంగతి బుద్ధికి తెలియుటకు దాదాపు రెండువేల యేండ్లు పట్టినది. ఆ కథయే నేటి ప్రసంగ విషయము.

చేతిని విడిచిన రాయిని ముందునకు నడపున దేది? క్రీస్తునకు పూర్వము నాల్గవ శతాబ్దమున గ్రీకు తత్త్వవేత్త అరిస్టాటిల్, కదలు వస్తువును కదలించున దొకటి ఉండితీరవలయునని తలచి, చుట్టునున్న గాలియే రాయిని నెట్టుచున్నదని చెప్పెను. తరువాతి పండితులలో కొందరికి ఈ సమాధానము రుచింపలేదు. చేయి రాతిలో ఒక బలమును నింపుననియు, కొలిమి నుండి తీసిన యినుము చల్లారినట్లు ఆ బలము క్రమముగా తరిగిపోవుననియు వారు భావించిరి.

ఈ మాట మనకును సహజముగనే తోచును. పైకి విసరిన బంతిని నల్లబల్లపై గీచి, దారి నడుమ దానిపై పనిచేయు బలములను బాణపు గుర్తులతో చూపుడని తరగతిలో అడుగుట నా అలవాటు. గాలి సంగతి విడిచిపెట్టుడని ముందుగనే చెప్పుదును. చాలమంది రెండు బాణములు గీతురు. ఒకటి క్రిందికి, భూమ్యాకర్షణ; మరియొకటి పైకి, చేతి బలము. చేయి వెనుకనే ఉండిపోయినది గదా యని అడిగిన నవ్వుదురు. కాని ఆ బాణమును తుడుచుటకు వెనుకాడుదురు. వారిని నేను తప్పు పట్టను. విద్యార్థిదశలో నేనును ఆ రెండవ బాణము గీచినవాడనే.

ఫిరంగులు వచ్చిన పిమ్మట ఈ ప్రశ్న పండితుల చావడి దాటి యుద్ధరంగమునకు చేరినది. ఇటలీ దేశమున నికొలో టార్టాగ్లియా అను గణితజ్ఞు డుండెను. టార్టాగ్లియా యనగా నత్తివాడు. 1512లో శత్రుసైన్యము బ్రెషియా నగరమును కొల్లగొట్టినపుడు ఒక సైనికుని కత్తివేటు బాలుడైన యతని దవడను చీల్చినది. నాటి నుండి మాట తడబడుటచే ఆ పేరు వచ్చినది. 1531లో వెరోనా నగరమున ఫిరంగిదళమునకు చెందిన మిత్రు డొకడు, గుండు మిక్కిలి దూరము పోవలయునన్న ఫిరంగిని ఎంత ఎత్తవలయునని యతని నడిగెను. 45 డిగ్రీలని యతడు తేల్చెను. పిదప మనస్సు కలతపడినది. తోటి మానవుని నాశము చేయు విద్యకు మెరుగు దిద్దుట నింద్యమని తలచి తన వ్రాతలను తగులబెట్టితినని యతడే చెప్పుకొనెను. కాని తురుష్క సుల్తాను దండెత్తి వచ్చునను భయము ఇటలీని ఆవరింపగా, మనస్సు మార్చుకొని 1537లో తన గ్రంథమును వెనిస్ నగరమున అచ్చొత్తించెను. 45 డిగ్రీల మాట మంచిదే. గుండు నడచు దారిని మాత్రము అతడు మొదట సరళరేఖగా, నడుమ వృత్తఖండముగా, చివర నిలువు గీతగా చిత్రించెను.

దారిని సరిగా చూపినవాడు గెలీలియో. పాడువా విశ్వవిద్యాలయమున గణితాచార్యుడుగా నుండి, 1608లో అతడొక చిన్న ప్రయోగము చేసెను. ఏటవాలు గాడిలో గుండును దొర్లించి, బల్ల అంచు నుండి అది గాలిలోనికి దూకునట్లు చేసి, నేలపై ఎంత దూరమున పడునో కొలిచి కాగితముపై వ్రాసికొనెను. ఆ కాగితము నేటికిని ఫ్లారెన్సు గ్రంథాలయమున భద్రముగా నున్నది. ముప్పది సంవత్సరముల పిమ్మట, 1638లో, ఆ శ్రమ ఫలము గ్రంథరూపమున వెలువడెను. అప్పటికి గెలీలియో మతన్యాయస్థానపు తీర్పుచే ఆర్చెత్రి యను చోట తన యింటనే నిర్బంధములో నుండెను. గ్రంథమును దూరపు హాలెండు దేశమున, లైడెన్ నగరమున అచ్చువేసిరి. ఎగురు వస్తువుల దారిని లోకమునకు చూపిన ఆ పుస్తకమును దాని కర్త చూడలేకపోయెను. అతని కన్నులు రెండును అప్పటికే పోయినవి.

అతడు చెప్పిన దేమి? విసరిన వస్తువు నందు రెండు చలనము లున్నవి. ఒకటి అడ్డముగా సాగునది. ఆపున దేదియు లేనియెడల అది వేగము మారక సాగును. వెనుకనుండి నెట్టువా డక్కరలేదు. రెండవది క్రిందికి పడునది; దాని వడి క్షణక్షణమునకు హెచ్చును. ఒకదాని జోలికి మరియొకటి పోదు. ఈ రెండును కలిసి గీచిన దారికి పరావలయమని పేరు.

19.6 మీటర్ల ఎత్తుగల మేడపై నుండి ఒక బంతిని సెకనుకు 10 మీటర్ల వేగముతో సరిగా అడ్డముగా విసరితి మనుకొందము. గాలి అడ్డును లెక్కింపము. మొదటి సెకనులో బంతి 10 మీటర్లు ముందునకు పోయి 4.9 మీటర్లు దిగును. రెండవ సెకనులో మరల 10 మీటర్లే ముందునకు పోవును, కాని 14.7 మీటర్లు, అనగా మునుపటికి మూడింతలు, దిగును. ఇట్లు రెండు సెకనులలో మేడకు 20 మీటర్ల దూరమున నేల తాకును. అదే క్షణమున ఊరక జారవిడిచిన మరియొక బంతియు రెండు సెకనులకే నేల చేరును. ఇనుమడించిన వేగముతో విసరినచో 40 మీటర్ల దూరమున పడును. కాలము మాత్రము రెండు సెకనులే.

ఇపుడా రెండవ బాణము సంగతి చూతము. ఏటవాలుగా పైకి విసరిన బంతికి శిఖరమున వేగ మెంత? సున్న యని తొందరపడి చెప్పుదురు. నిలువు వేగము మాత్రమే సున్న. అడ్డపు వేగము చెక్కుచెదరదు. త్వరణ మెంత? బయలుదేరినపు డెంతయో శిఖరమునను అంతయే, ప్రతి సెకనునకు సెకనుకు 9.8 మీటర్ల చొప్పున, క్రిందివైపునకే. అక్కడ త్వరణము సున్నయై అట్లే నిలిచినచో బంతి యిక వంగదు. అడ్డముగా సరళరేఖలో పోవుచునే యుండవలయును. అట్టి బంతిని ఎవరు చూచిరి?

సెకనుకు 20 మీటర్ల వేగముతో 45 డిగ్రీల కోణమున విసరిన రాయి సుమారు 41 మీటర్ల దూరమున పడును. 30 డిగ్రీలకు విసరినను 60 డిగ్రీలకు విసరినను అది పడుచోటు ఒక్కటే, సుమారు 35 మీటర్లు. మొదటిది 5 మీటర్ల ఎత్తెక్కి రెండు సెకనులలో చేరును. రెండవది 15 మీటర్ల ఎత్తెక్కి మూడున్నర సెకనులు తీసికొనును. 45కు సమానముగా ఎక్కువ తక్కువలైన కోణముల జంటలన్నియు ఇట్లే ఒక్కచోట కలియునని గెలీలియో నిరూపించెను. 45 డిగ్రీలు శ్రేష్ఠమని ఫిరంగివాండ్రకు అనుభవమున తెలియును. ఏల శ్రేష్ఠమో తెలిసినవానికి, పేల్చి చూడనక్కరలేకయే ఇతర కోణముల సంగతియు తెలియును.

నిజమైన గాలి ఈ లెక్కను కొంత చెరచును. వడిగా పోవు గుండు దూరమును అది తగ్గించి, దిగు దారిని నిటారుగా చేయును. 1918లో జర్మనులు సుమారు 120 కిలోమీటర్ల దూరము నుండి పారిస్ నగరముపై పేల్చిన ఫిరంగిని 45 డిగ్రీలకు మించియే ఎత్తిరి. గుండు పలుచని పైగాలిని త్వరగా చేరుటకై. ఆ మార్చి 29న ప్రార్థనకు చేరిన జనముపై దేవాలయపు కప్పు కూలి ఎందరో మరణించిరి. టార్టాగ్లియా కలత వట్టి చాదస్తము కాదు.

అయినను ఆ లెక్క అక్కడ ఆగలేదు. ఎత్తైన కొండ నుండి అడ్డముగా పేల్చిన గుండు వేగమును పెంచుచు పోయిన ఏమగునని న్యూటన్ ఆలోచించెను. భూమి గుండ్రనిది. సుమారు 7.9 కిలోమీటర్లు పోవుసరికి నేల 4.9 మీటర్లు వంగును. మన బంతి మొదటి సెకనులో దిగినదియు 4.9 మీటర్లే. కనుక గాలి లేనిచోట సెకనుకు 7.9 కిలోమీటర్ల వేగముతో పోవు గుండు ఎంత పడినను నేలను చేరదు. పడుచునే భూమిని చుట్టును. 1980 జూలై 18న శ్రీహరికోట నుండి ఎగసిన రోహిణి ఉపగ్రహము కూడ విసరిన రాయి వంటిదే.

చెవితో వినదగిన ప్రయోగ మొకటి చెప్పి ముగింతును. బల్ల అంచున ఒక కొలబద్దను, కొన కొంత వెలుపలికి వచ్చునట్లు, ఏటవాలుగా ఉంచుడు. వెలుపలి కొనపై ఒక నాణెమును, బల్లమీద కొలబద్దకును అంచునకును నడుమ నున్న ఇరుకు మూలలో ఒక నాణెమును పెట్టుడు. కొలబద్దను ఆ రెండవ నాణెము వైపునకు చటుక్కున కొట్టుడు. మొదటి నాణెము ఉన్నచోటనే జారి నిలువుగా పడును. రెండవది దూరముగా ఎగిరిపడును. కన్నులు మూసికొని వినుడు. రెండు నాణెములు నేల తాకిన చప్పుడు ఒక్కటిగా వినిపించును.