విదేశ విహారము - ప్రయాణ బీమా

ఐరోపా విహారమునకు బయలుదేరు మనవారిలో పలువురు బీమాపత్రమును వీసా దరఖాస్తునకు జతచేయు కాగితముగానే చూతురు. షెంజెన్ వీసాకు కనీసము 30,000 యూరోల వైద్యబీమా ఉండవలెను. ఆ షరతు తీరినంతమాత్రమున మన అవసరము తీరినట్లు కాదు.

ముందునుండి యున్న మధుమేహము, రక్తపుపోటు, గుండెజబ్బులకు సంబంధించిన చికిత్సను పెక్కు పాలసీలు మినహాయించును. కొన్ని ప్రాణాపాయమున మాత్రమే, అదియు ఒక పరిమితివరకే భరించును. ప్రీమియము పెరుగునని మా అక్కగారు దరఖాస్తులో మధుమేహపు ప్రశ్నకు ‘లేదు’ అని వ్రాయబోయిరి. నేను వారించితిని. దాచిన జబ్బు ఆసుపత్రి రక్తపరీక్షలో దాగునా? అప్పుడు క్లెయిమును త్రోసిపుచ్చవచ్చును. అక్కగారు రెండు దినములు నాతో ముభావముగా నుండి, ఆపై ఉన్నదున్నట్లు వ్రాసిరి.

బిల్లులో మనము భరింపవలసిన తొలి మొత్తమెంత, ఆసుపత్రికి బీమాసంస్థయే నేరుగా చెల్లించునా అనునవి కొనకముందే అడుగుడు. సహాయకేంద్రపు ఫోను నంబరు తోడివారి యొద్దను ఉండవలెను.