పెట్టె ఇంటికి రావాలి, చాకిరీ కాదు

(గుర్రంకొండలో మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కూలి రేట్ల మీద, రేషను మీద, పింఛన్ల మీద, తాగునీటి మీద మనం ఎన్నో అర్జీలు రాశాం. గ్రంథాలయం గురించి అడిగింది మాత్రం చాలా తక్కువ. అది చదువుకున్నవాళ్ళ వ్యవహారమనుకున్నాం. కానీ దానికి డబ్బు కడుతున్నది మనమే. 1960 నాటి గ్రంథాలయాల చట్టం ప్రకారం ఇంటి పన్ను మీద రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను వసూలు చేస్తారు. పంచాయతీ దాన్ని జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చెయ్యాలి. అంటే నూరు రూపాయల ఇంటి పన్నుకు ఎనిమిది రూపాయలు. పక్కా ఇంటివాళ్ళూ కడతారు, రేకుల ఇంటివాళ్ళూ కడతారు.

మరి ఆ గ్రంథాలయాల్లో కూర్చునేదెవరు? పేపరు చూసే మగవాళ్ళు, పోటీ పరీక్షలకు చదివే కుర్రవాళ్ళు. పొద్దునా సాయంత్రం తలుపులు తీస్తారు. సరిగ్గా ఆ వేళల్లోనే మనం పొయ్యి దగ్గరో, టమేటా తోటలోనో ఉంటాం. ఆడపిల్ల బడి నుంచి వచ్చాక తమ్ముణ్ణి ఎత్తుకోవాలి, నీళ్ళు పట్టాలి. తలుపు తెరిచే ఉంది, మనకు వెళ్ళే తీరికే లేదు. అందుకని గ్రంథాలయమే మన ఇంటికి రావాలని నేనంటున్నాను.

ఇది వింత కోరిక కాదు. 2020లో కరోనా వల్ల తలుపులు మూసినప్పుడు అమెరికాలో చాలా గ్రంథాలయాలు పుస్తకాలూ, పిల్లలు చేసుకునే పనుల సామగ్రీ పొట్లాలు కట్టి గుమ్మం దగ్గరే ఇచ్చాయి. అంత దూరం కూడా పోనక్కర్లేదు. 1935లోనే పాతూరి నాగభూషణం గారు గుంటూరు జిల్లాలో కాలువ మీద పడవలో పుస్తకాలు పెట్టి పల్లెలకు తీసుకెళ్ళారు.

ఇక మన మదనపల్లె పక్కనే రిషివ్యాలీ ఉంది. అక్కడ పద్మనాభరావు, రమ గార్లు చుట్టుపక్కల పల్లెల ఏకోపాధ్యాయ బడుల కోసం ‘పెట్టెలో బడి’ తయారుచేశారు. పాఠాలను చిన్న చిన్న కార్డులుగా చేసి, వాటిని నిచ్చెన మెట్లలా వరస పెట్టారు. తాను ఏ మెట్టు మీద ఉందో పిల్లకే తెలుస్తుంది. నాలుగు రోజులు కూలికి పోయి వచ్చినా ఆగిన చోటి నుంచే మొదలుపెట్టుకోవచ్చు. ఆ పద్ధతిని 1995లో కర్ణాటకలోని హెగ్గడదేవనకోటలో ‘నలి కలి’ పేరుతో అందుకున్నారు. 2003 నుంచి చెన్నై కార్పొరేషన్ బడులూ అదే దారి పట్టాయి. అది బడి కోసం చేసిన పెట్టె. ఇంటి కోసం అలాంటిది గ్రంథాలయం చెయ్యలేదా?

ఖర్చెంతో కాదు. నాలుగు బొమ్మల కథల పుస్తకాలు, అక్షరాల కార్డులు, లెక్కకు చింతపిక్కలు, కొలతకు టేపు, అగ్గిపుల్లలూ సైకిలు వాల్వు ట్యూబు ముక్కలూ. వీటితో ఎన్ని ఆకారాలు కట్టవచ్చో అరవింద్ గుప్తా చూపించారు. వామనగుంటల పీట, ముగ్గుల చుక్కల కాగితం కూడా పెట్టాలి. టమేటా మండీ చీటీలో కమీషను ఎంత పోయిందో లెక్క చూసే కార్డు ఒకటి తప్పక ఉండాలి. అది పిల్లకూ పనికొస్తుంది, తల్లికీ పనికొస్తుంది. ఉర్దూ మాట్లాడే ఇళ్ళకు ఉర్దూ పుస్తకాలూ ఉండాలి.

అక్షరం ఇంట్లోకి వస్తే ఏమవుతుందో మనకు తెలుసు. నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాస్యతా పాఠాలు చదివిన ఆడవాళ్ళే సారా దుకాణాన్ని మూయించారు. 1993 అక్టోబరు 1న ప్రభుత్వం సారాను నిషేధించక తప్పలేదు.

అయితే ఒక జాగ్రత్త. పెట్టె వచ్చిందంటే “పిల్లల్ని కూర్చోబెట్టి చేయించు” అనే మాట కూడా వస్తుంది. అది ఎవరితో అంటారు? తల్లితోనే. వంట, పశువులు, కూలి, ఆపైన ఇదొకటి. అలాగైతే ఆ పెట్టె మనకొద్దు. తండ్రీ, తాతా, అన్నా కూడా కూర్చునేలా దాన్ని తయారుచెయ్యాలి. చదువు రాని తల్లి బొమ్మ చూసి కథ చెప్పగలిగేలా ఉండాలి. ఒక కార్డు పోయిందనో, పిక్కలు తగ్గాయనో జరిమానా వెయ్యకూడదు. డిపాజిట్టు కట్టలేదని పేద ఇంటికి లేదనకూడదు. సంఘం పూచీ ఉంటే చాలాలి.

ఇప్పుడు చెయ్యవలసిన పని చెబుతాను. ముందు సమాచార హక్కు చట్టం కింద పంచాయతీని అడగండి: గత మూడేళ్ళలో గ్రంథాలయ పన్ను ఎంత వసూలైంది, ఎంత జమ చేశారు? గ్రామ స్థాయిలో ఈ దరఖాస్తుకు ఫీజు లేదు. ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. ఆ జవాబు పట్టుకుని జిల్లా గ్రంథాలయ సంస్థకు అర్జీ పెడదాం: ప్రతి శాఖా గ్రంథాలయంలో ఇంటికిచ్చే పెట్టెలు పెట్టాలని, వాటిని ఎంచే కమిటీలో మన ఆడవాళ్ళు ఉండాలని.

మనం దానం అడగడం లేదు. కట్టిన 8 పైసలకు లెక్క అడుగుతున్నాం.